పీహెచ్‌డీ ఎంతవరకు వచ్చింది?



క్రిస్మస్‌కో కోతపండుగకో ఊరికి వచ్చిన పిల్లల్ని ఆరాధన అయ్యాక గుడి ఆవరణలో నిలబెట్టి మనం అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఉద్యోగం వచ్చిందా, పెళ్లెప్పుడు, అక్కడ మందిరానికి వెళ్తున్నావా లేదా. ఈ మధ్య వీటికి ఇంకొకటి చేరింది: "పీహెచ్‌డీ ఎంతవరకు వచ్చింది?" అడిగేవారికి అది ప్రేమతో కూడిన పలకరింపే. సమాధానం చెప్పవలసిన పిల్లవాడు మాత్రం "ఆయ్, జరుగుతోందండి" అనేసి చెప్పులు వెతుక్కుంటాడు.

ఇటీవల అప్పనపల్లిలో ఒక ఇంటి ప్రార్థన ముగిశాక, ఆ ఇంటి తల్లి నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగింది. "అయ్యగారూ, మావాడు చేరి పదకొండు నెలలైందండి. ఇంకా థీసిస్ ఏదీ మొదలెట్టలేదంటున్నాడు. ఏ విషయం మీద రాయాలో కూడా తేలలేదంట. రాత్రుళ్లు నిద్రపట్టడం లేదంటున్నాడు. వాడికి మించిన చదువులో చేర్చేశామేమోనండి?" ఆ ఇంట్లో డిగ్రీ దాటి చదివినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. ఆమె భయాన్ని తీర్చగలిగినవారు ఊళ్లో కూడా లేరు. వైనతేయ ఒడ్డున ఉన్న ఈ గ్రామాల నుంచి హైదరాబాదుకీ విశాఖపట్నానికీ అమెరికాకీ పరిశోధన కోసం వెళ్లిన పిల్లలు ఇప్పుడు చాలా సంఘాల్లో ఉన్నారు. అందుకే ఈ వారం సంపాదకీయంలో ఈ సంగతి.

పదో తరగతి నుంచి పీజీ దాకా చదువుకు ఒక దడి ఉంటుంది. సిలబస్ ఉంటుంది, టైమ్‌టేబుల్ ఉంటుంది, హాల్‌టికెట్ వస్తుంది, చివరికి మార్కుల మెమో వస్తుంది. ఎక్కడున్నామో ఇంట్లో అందరికీ తెలుస్తుంది. పీహెచ్‌డీలో ఆ దడి తీసేస్తారు. రేపు ఏ పుస్తకం చదవాలో ఎవరూ చెప్పరు. ఏ ప్రశ్నకు జవాబు వెతకాలో కూడా తానే తేల్చుకోవాలి. అప్పటిదాకా బంగారు పతకాలు తెచ్చుకున్న పిల్లలే ఇక్కడ ఎక్కువ తడబడటం చూశాను. వాళ్లకు అలవాటైన కొలబద్ద చేతిలోంచి జారిపోతుంది మరి.

మనకు అర్థం కాకపోవడానికి ఇంకో కారణం ఉంది, చెప్పక తప్పదు. కొంత రుసుము కట్టించుకుని, ఒక హాల్లో గౌను తొడిగి, మధ్యాహ్నం భోజనాలవేళకల్లా "డాక్టరేట్" చేతికిచ్చే సంస్థలు మన క్రైస్తవ లోకంలో తక్కువేమీ కాదు. మరునాటికి ఫ్లెక్సీ మీద పేరు ముందు "డా." చేరుతుంది. అలాంటివి చూసి చూసి, "ఫలానా అయ్యగారికి ఒక్కరోజులో వచ్చింది కదా, నీకు ఇన్నేళ్లెందుకు?" అని అమాయకంగా అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ రెండింటికీ పేరు ఒకటే గాని పోలిక లేదు.

అసలు పద్ధతి ఎలా ఉంటుందో చూద్దాం. మన దేశంలో పీహెచ్‌డీకి యూజీసీ 2022 నవంబరులో ప్రకటించిన నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం కోర్సు వర్క్‌తో కలిపి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. అవసరమైతే మళ్లీ నమోదు చేసుకుని మరో 2 ఏళ్లు తీసుకోవచ్చు. మహిళలకు, 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికి ఇంకో 2 ఏళ్ల సడలింపు ఉంది. మహిళలకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల దాకా ఇస్తారు. మొదట కోర్సు వర్క్ పూర్తిచేయాలి. అది కనీసం 12 క్రెడిట్లు ఉంటుంది, 55 శాతం మార్కులు రావాలి. స్కాలర్‌కు ఒక గైడ్ ఉంటారు, ఆయన కన్వీనర్‌గా ఒక రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ఉంటుంది. ప్రతి సెమిస్టర్‌లో ఒకసారి ఆ కమిటీ ముందు నిలబడి పని ఎంత జరిగిందో చెప్పాలి. చివరికి థీసిస్ సమర్పిస్తే, విశ్వవిద్యాలయం బయటి పరీక్షకులు కనీసం ఇద్దరు చదివి అభిప్రాయం రాస్తారు. ఆ తర్వాత వైవా. సమర్పణకు ముందు పత్రికలో వ్యాసం అచ్చయి తీరాలన్న దేశవ్యాప్త షరతును 2022 నిబంధనల్లో తీసేశారు. అయితే ఆయా విశ్వవిద్యాలయాలు సొంత నియమాలు పెట్టుకోవచ్చు కనుక చేరినచోట అడిగి తెలుసుకోవాలి. అమెరికాలో అయిదారేళ్లు మామూలు. అక్కడ మొదటి రెండేళ్లు ఎక్కువగా తరగతులకూ అర్హత పరీక్షలకూ పోతాయి.

ఈ లెక్కన పదకొండు నెలలకు థీసిస్ మొదలుకాకపోవడం వెనుకబాటు కాదు. విషయం ఇంకా తేలకపోవడం కూడా చాలా శాఖల్లో మామూలే. మొదటి ఏడాదిలో విషయం మారుతుంది, మారాలి కూడా. ఉదాహరణకు "కోనసీమ కొబ్బరి రైతుల సమస్యలు" అనే పేరుతో ఒకమ్మాయి చేరిందనుకోండి. దాని మీద పది థీసిస్‌లు రాసినా తరగదు. ఏడాది చదివాక ఆమె "అంబాజీపేట మార్కెట్లో కొబ్బరి ధరను ఎవరు, ఏ లెక్కన నిర్ణయిస్తున్నారు?" అన్న ఒక్క ప్రశ్నకు చేరుకుంటే, బయటివాళ్లకు అది ఏడాదంతా తిరిగి తిరిగి చిన్న విషయానికి దిగిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి ఆ ఏడాదిలో జరగవలసిన పెద్ద పని అదే.

నెహెమ్యా యెరూషలేముకు చేరాక వెంటనే రాయి ఎత్తలేదు. మూడు రోజులు ఊరకున్నాడు. తర్వాత కొద్దిమందిని వెంటబెట్టుకుని రాత్రివేళ వెళ్లి, కూలిన ప్రాకారాన్ని ద్వారం తర్వాత ద్వారం చూసుకుంటూ వచ్చాడు. అధికారులకు గాని యూదులకు గాని ఆ సంగతి చెప్పలేదు. గోడ 52 దినాల్లో పూర్తయిందని మనం ప్రసంగాల్లో గట్టిగా చెబుతాం గాని, ఆ రాత్రి తిరుగుడు గురించి అంతగా చెప్పం.

విజ్ఞానశాస్త్రంలోనూ అంతే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసైనవాడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర ఆయన మొదట చేసిన పెద్ద పని రోగాలకు మందు కనిపెట్టడం కాదు. శరీర ద్రవాల్లో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి ఒకటి తయారుచేయడం. 1925లో అచ్చయిన ఆ పద్ధతిని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అంటారు. ఆ కొలత చేతికి వచ్చాకే కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్, ఆ తర్వాత ఏటీపీ బయటపడ్డాయి. పీహెచ్‌డీ పట్టా 1930లో వచ్చింది. తొలి ఏళ్లు పనిముట్టు తయారీకే పోయాయి, అది లేకుండా తర్వాతి పని లేదు.

ఇక మన జిల్లాకు 2022లో ఎవరి పేరు పెట్టారో ఆయన సంగతి. ఊరూరా విగ్రహం ఉంది, చంకలో పుస్తకమూ చాచిన చేయీ మనకు కళ్లకు కట్టినట్టు తెలుసు. ఆ చదువులో ఎన్ని అడ్డంకులు వచ్చాయో మాత్రం పిల్లలకు తక్కువ చెబుతాం. బరోడా మహారాజు ఇచ్చిన విద్యార్థివేతనంతో అంబేద్కర్ 1913లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. 1915లో ఎం.ఏ. అయింది. 1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు వెళ్లారు. మరుసటి ఏడాదే విద్యార్థివేతనం గడువు తీరిపోయింది. చదువు మధ్యలో ఆపి రావలసి వచ్చింది. అది మొదటి ప్రపంచయుద్ధ కాలం. వేరే ఓడలో పంపిన ఆయన పుస్తకాలు, ఆ ఓడను జర్మన్ జలాంతర్గామి దెబ్బతీయడంతో సముద్రం పాలయ్యాయి. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెబుతున్న ఆయనను మన గుడి ఆవరణలో నిలబెట్టి "ఎంతవరకు వచ్చింది?" అని అడిగి ఉంటే ఏం చెప్పేవారు? మొదలుపెట్టి అయిదేళ్లయింది, డాక్టరేట్ లేదు, కొన్న పుస్తకాలు నీటి అడుగున ఉన్నాయి.

జీతంలో మిగిల్చినది, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం, ఒక మిత్రుడిచ్చిన అప్పు కలుపుకొని 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. 1921లో ఎం.ఎస్సీ. వచ్చింది. 1923 మార్చిలో డి.ఎస్సీ. థీసిస్ సమర్పిస్తే, ఆ రూపంలో దాన్ని ఆమోదించలేదు. సవరించి ఆగస్టులో మళ్లీ ఇచ్చారు, నవంబరులో ఆమోదం వచ్చింది. అదే రూపాయి సమస్యపై ఆయన రాసిన ప్రసిద్ధ గ్రంథం. దానికి ముందుమాట రాసిన ఆచార్యుడు ఎడ్విన్ కానన్, శిష్యుడి విమర్శలో తాను ఒప్పుకోని విషయాలు చాలానే ఉన్నాయని ఆ ముందుమాటలోనే రాశారు. ఒప్పుకోకపోయినా ముందుమాట రాశారు, అది గమనించండి. కొలంబియా పీహెచ్‌డీ అయితే, ఆ పరిశోధన 1925లో పుస్తకంగా వచ్చాక 1927లో గాని పట్టాగా చేతికి రాలేదు. చేరిన ఏడాది నుంచి లెక్కిస్తే పద్నాలుగేళ్లు. ఆయనతో పోల్చి పిల్లల నెత్తిన ఇంకో బరువు పెట్టమని ఈ సంగతి చెప్పడం లేదు. మధ్యలో ఆగిపోయిన చదువునూ వెనక్కి వచ్చిన థీసిస్‌నూ చూసి వెంటనే తీర్పు చెప్పకూడదని మాత్రమే.

ఇక్కడి నుంచి నేరుగా పరిశోధనలో ఉన్న మీతో మాట్లాడతాను. వేదాంత విద్యలో డాక్టరేట్ చేస్తున్న సేవకులకూ, కాలేజీలో పాఠాలు చెబుతూ పార్ట్‌టైమ్‌గా చేస్తున్నవారికీ ఇది వర్తిస్తుంది.

"ఏమీ చేయలేదు" అన్న భయానికి మొదటి మందు తేదీలవారీగా ఒక నోట్‌బుక్. ఈరోజు ఏం చదివాను, అందులో ఏముంది, నాకు వచ్చిన సందేహమేమిటి. రెండు మూడు వాక్యాలు చాలు. నెలాఖరున తిరగేస్తే, ఏమీ జరగలేదనుకున్న నెలలో ఇరవై వ్యాసాలు చదివినట్టు కనబడుతుంది. సెమిస్టర్ చివర కమిటీ ముందు చెప్పడానికీ అదే ఆధారం. రెండోది, చదవడం పూర్తయ్యాక రాద్దామని ఆగకండి. చదవడం ఎప్పటికీ పూర్తికాదు. బాగా లేని పేజీలైనా రాయండి. మనసులో ఉన్నదాన్ని ఏ గైడూ దిద్దలేరు, కాగితం మీద ఉన్నదాన్నే దిద్దుతారు. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిషులో రాయడానికి జంకేవాళ్లు మనలో చాలామంది. ఆలోచన తెలుగులో వస్తే తెలుగులోనే రాసుకోండి, తర్వాత ఇంగ్లిషులోకి మార్చుకోవచ్చు. ఆలోచన నిలబడితే భాష దిద్దుకోవడానికి సాయం దొరుకుతుంది.

గైడ్‌ను కలవడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. నేను చూసినంతలో మొదటి ఏడాదిలో నిజమైన ప్రమాదం నెమ్మదిగా నడవడం కాదు, దాక్కోవడం. ఈ వారం చూపించడానికి ఏమీ లేదని కలవడం వాయిదా వేస్తారు. వచ్చే వారం రెండు వారాల పని చూపించాలి గదా అని భయం రెట్టింపవుతుంది. నెల గడిచేసరికి గైడ్ గది ముందు నుంచి వెళ్లకుండా వెనక మెట్లు ఎక్కడం మొదలవుతుంది. దీనికి విరుగుడు కలిసే రోజును ముందే ఖాయం చేసుకోవడం. రెండు వారాలకొకసారి అరగంట ఇవ్వమని అడగండి. ముందురోజు ఒక్క పేజీ పంపండి: ఏం చేశాను, ఎక్కడ ఆగిపోయాను, మీరు తేల్చవలసిన విషయం ఏమిటి. "ఆగిపోయాను" అనేది కూడా చూపించదగిన పనే. కలిశాక, అనుకున్నవి నాలుగు ముక్కల్లో రాసి ఆయనకే మెయిల్ చేయండి. రేపు అభిప్రాయభేదం వస్తే ఆ కాగితాలు అక్కరకొస్తాయి. డ్రాఫ్టు నిండా ఎర్రసిరా ఉంటే తిట్టినట్టు అనుకోకండి. చదవకుండా "బాగుంది" అని తిరిగిచ్చే గైడ్ కంటే ఆయన మీకు ఎంతో సమయం ఇచ్చారు.

పక్కవాడితో పోల్చుకునే బాధ ఒకటి ఉంది. ప్రయోగశాలలో అప్పటికే నడుస్తున్న ప్రాజెక్టులో చేరినవాడికి ఏడాదిలోనే వ్యాసంలో పేరు రావచ్చు. పాత దస్తావేజులు వెతికే చరిత్ర విద్యార్థికి ఆ ఏడాది దస్తావేజు ఎక్కడుందో తెలియడానికే సరిపోతుంది. దానికి తోడు "నేను ఇక్కడికి తగినవాణ్ణి కాను, ఏదో అదృష్టం కొద్దీ వచ్చాను, త్వరలో బయటపడిపోతాను" అనే లోపలి గొంతు. పైకి ఎంతో సాధించిన స్త్రీలలో కూడా ఈ భావన ఉందని పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికన్ మానసిక శాస్త్రవేత్తలు 1978లోనే రాశారు. మన పిల్లల్లో ఆ గొంతు లోపలిది మాత్రమే కాదు. రిజర్వేషన్ సీటు అనీ, మీ ఇంట్లో ఎవరు చదివారనీ బయటివాళ్లు అన్న మాటలు దానికి బలం ఇస్తాయి. సీటు వచ్చిన దారి ఏదైనా, కోర్సు వర్క్ మార్కులూ కమిటీ ముందు చెప్పే పనీ ఎవరికైనా ఒకటే.

ప్రతి భయాన్నీ ఊరడించి పంపేయాలని నేను అనను. గైడ్ నెలల తరబడి సమయం ఇవ్వకపోవడం, కమిటీ రాతపూర్వకంగా చెప్పిన దిద్దుబాట్లు రెండో సెమిస్టర్‌కూ మొదలుకాకపోవడం, గైడ్ సొంత ఇంటి పనులకు స్కాలర్‌ను వాడుకోవడం, కులం పేరుతో గాని ఇంకోరకంగా గాని అవమానించడం. ఇవి ఓర్చుకుని ఊరుకోవలసినవి కావు. పని తృప్తికరంగా లేకపోతే కమిటీ కారణాలు రాసి దిద్దుకునే మార్గం సూచించాలని నిబంధనల్లోనే ఉంది. ఆ కాగితం అడిగి తీసుకోండి. ఫిర్యాదుల కోసం ప్రతి విశ్వవిద్యాలయంలోనూ విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ, దానిపైన అంబుడ్స్‌పర్సన్ ఉండాలని యూజీసీ 2023 నిబంధనలు చెబుతున్నాయి. గైడ్‌ను మార్చుకునే వీలు ఉందేమో శాఖాధిపతిని అడగండి. అన్నీ చూశాక, ఇది నాకు తగిన పని కాదని తెలిసి మానుకున్నా అది పాపమేమీ కాదు. చేరినవాళ్లందరూ పూర్తిచేసి తీరాలని దేవుడు ఆజ్ఞ ఇవ్వలేదు.

డబ్బు సంగతి. జేఆర్ఎఫ్ ఉన్నవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, మూడో ఏడాది నుంచి 42,000. వినడానికి బాగుంటుంది. అది ప్రతి నెలా ఒకటో తారీఖున రాదు, కొన్నిసార్లు నెలల బకాయి ఒకేసారి వస్తుంది. ఆ ఫెలోషిప్ లేనివాళ్ల పరిస్థితి ఇంకా ఇరుకు. ఇంటి నుంచి "నెలనెలా అంత వస్తోంది గదా, చెల్లి ఫీజు కట్టు" అని అడిగేముందు అది చేతికి వచ్చిందో లేదో కనుక్కోవాలి. పై చదువులకు సాయం చేసే నిధి ఉన్న సంఘాలు చేరేరోజు శాలువా కప్పడానికి పెట్టే ఖర్చును ఫెలోషిప్ ఆగిన నెలల్లో హాస్టల్ మెస్ బిల్లుకు ఇస్తే ఎక్కువ అక్కరకొస్తుంది. చేరిన ఏడాదే పేరు ముందు "డాక్టర్" అని ఫ్లెక్సీ వేయకండి. ఆ పిల్లవాడు దాని కింద నుంచి నడిచి వెళ్లాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. మన తాతలు దేశవాళీ కొబ్బరి నాటి ఆరేడేళ్లు కాపు కోసం చూశారు. రెండో ఏడాది చెట్టు కింద నిలబడి కాయలేవని ఎవరూ అడగలేదు. మొక్క వాడిందా, నీరు అందుతోందా అని మాత్రం రోజూ చూశారు. మీరూ "ఎప్పుడు అయిపోతుంది?" అనడం మాని "ఇప్పుడు ఏం చదువుతున్నావు, నాకర్థమయ్యేలా చెప్పు" అని అడిగి చూడండి. అర్థం కాకపోయినా ఫరవాలేదు. అమ్మకు అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నించినప్పుడే తన విషయం తనకు తేటపడిందని చెప్పిన స్కాలర్లు ఉన్నారు. ఆడపిల్లల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడే చదువు కొనసాగింపు గురించి, సెలవుల గురించి రెండు కుటుంబాలూ తేల్చుకోవాలి. "తర్వాత చూద్దాం" అన్న చోట ఆగిపోయిన చదువులు మన సంఘాల్లో నాకే చాలా తెలుసు.

ప్రార్థన గురించి కూడా. ఆ పిల్లవాడు నాతోనో మీతోనో చెప్పుకున్న బాధను, అతని అనుమతి లేకుండా ఆదివారం ప్రార్థన విజ్ఞాపనల్లో పేరుపెట్టి చదవకండి. వారం తిరిగేసరికి ఊరంతా "ఫలానావాళ్లబ్బాయి ఫెయిలయ్యాడట" అవుతుంది. నిద్రలేమి వారాల తరబడి సాగినా, తిండి మానేసినా, ఫోన్లు ఎత్తకపోయినా, బతకాలని లేదన్న మాట ఒక్కసారి నోట వచ్చినా, అది విశ్వాసం తక్కువై వచ్చింది అనకండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. టెలి-మానస్ ప్రభుత్వ సేవ 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ రోజుల్లో ఒంటరిగా వదలకండి. ఎవరో ఒకరు రైలెక్కి వెళ్లి రెండు రోజులు పక్కన ఉండండి.

సెలవులకు వచ్చిన పిల్లలు సెలవుల్లో ఉన్నారని మనమనుకుంటాం. వాళ్ల బ్యాగులో సగం చదివిన పుస్తకం, దిద్దవలసిన డ్రాఫ్టు ఉంటాయి. మేలో వీబీఎస్ పది రోజులూ నువ్వే నడపాలని, ప్రతి సాయంకాలం కూటంలో పాటలు నువ్వే పాడాలని పురమాయించకండి. పొద్దున్నే మూడు గంటలపాటు ఒక గది, ఒక బల్ల, ఫ్యాను చూపించి, చుట్టాలను వరండాలోనే కూర్చోబెట్టండి. మధ్యాహ్నం నుంచి మీ ఇష్టం.